ఉప్పు, ఎండ, ఉట్టి: మన ఉప్పుకండ చరిత్ర



ప్రత్యేక సంచికకు ఏదైనా చారిత్రక వ్యాసం రాయమని మన కార్యదర్శి గారు కోరారు. కంభం చెరువు గురించి, మార్కాపురం చెన్నకేశవస్వామి ఆలయం గురించి, పలకల పరిశ్రమ గురించి రాయగల సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. డి.ఎ. బకాయిల చరిత్ర రాయడానికైతే ప్రతి సభ్యుడూ సమర్థుడే. నేను పశుసంవర్ధక శాఖలో పనిచేసి మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాల్లో గొర్రెల మందల వెంట తిరిగినవాణ్ణి. అందుచేత నాకు తెలిసిన విషయాన్నే ఎంచుకున్నాను. మన మెట్ట ఇళ్ళలో ఒకప్పుడు ఉట్టి మీది కుండలో దాగి ఉండిన ఉప్పుకండ ఆ విషయం. శాకాహారులైన మిత్రులు మన్నించి దీన్ని వంటగా కాక చరిత్రగా చదవాలని మనవి.

మన ఉప్పుకండ సంగతికి ముందు ఇటలీ దేశపు సంగతి ఒకటి చెప్పాలి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే మనం పోగొట్టుకుంటున్నది ఏమిటో తెలుస్తుంది.

ఇటలీ పటం బూటు ఆకారంలో ఉంటుందని స్కూల్లో చదువుకున్నాం. ఆ బూటు మడమకూ మునివేళ్ళకూ నడుమ ఉన్న వంపులో బసిలికాటా అనే ప్రాంతం ఉంది. దాని పాత పేరు లుకానియా. అంతా కొండలు, గుట్టలు. పేదరికం ఎక్కువ. పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడి జనం పొట్ట చేతపట్టుకుని అమెరికా ఖండాలకు వలసపోయారు. 1935లో ముస్సోలినీ ప్రభుత్వం తనకు గిట్టని కార్లో లెవి అనే చిత్రకారుణ్ణి ఆ ప్రాంతానికే ప్రవాసం పంపింది. మన ఉద్యోగ భాషలో పనిష్‌మెంటు ట్రాన్స్‌ఫరు అన్నమాట. ఆ అనుభవంతో ఆయన రాసిన పుస్తకం 1945లో వెలువడి ప్రపంచ ప్రసిద్ధి పొందింది. గిద్దలూరుకో యర్రగొండపాలానికో బదిలీ ఆర్డరు వస్తే బంధువులు పరామర్శకు వచ్చిన రోజులు మనకూ గుర్తే కదా! కనుక ఆ లుకానియా ఎటువంటిదో నేను ఎక్కువ వర్ణించనక్కరలేదు.

అటువంటి పేద ప్రాంతం ప్రపంచానికి ఒక తిండిని, దాని పేరుతో సహా ఇచ్చింది. ఆ పేరు లుకానికా. పందిమాంసాన్ని సన్నగా తరిగి, ఉప్పు, సుగంధ ద్రవ్యాలు కలిపి, శుభ్రం చేసిన పేగులో కూరి, వేలాడదీసి ఆరబెడతారు. ఇంగ్లీషువారు సాసేజి అనేది ఈ రకమే. రోమన్ సైనికులు దీన్ని లుకానియా వారి వద్ద నేర్చుకున్నందువల్లనే ఆ పేరు వచ్చిందని క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దపు పండితుడు వర్రో రాసిపెట్టాడు. ఆ పేరే గ్రీసులో లుకానికో అయింది, స్పెయిన్‌లో లోంగానిసా అయింది, స్పెయిన్ వారి వెంట ఫిలిప్పీన్స్ దాకా పోయింది. అపీషియస్ పేరుతో ప్రసిద్ధమైన రోమన్ వంటల గ్రంథంలో దీని తయారీ ఉంది. అందులో దంచి వేయమన్న దినుసుల్లో మిరియాలు ముందుంటాయి. ఆ మిరియాలు మన దక్షిణ భారతం పశ్చిమ తీరం నుంచి ఓడలెక్కి వెళ్ళినవే. ఇక మిరపకాయ అమెరికా ఖండం నుంచి అక్కడికీ ఇక్కడికీ వచ్చింది పదిహేనో శతాబ్దం ముగిసే కాలం తరువాతనే. కనుక లుకానికాకూ మన ఉప్పుకండకూ మొదటినుంచీ దూరపు చుట్టరికం ఉన్నట్టే.

ఇందులో మనం గమనించవలసిన విషయం వేరే ఉంది. ఆ ప్రాంతంలోని పిచెర్నో అనే చిన్న ఊరి పేరుతో, 'లుకానికా ది పిచెర్నో'కు 2018లో యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. మాంసంలో ఏ భాగాలు వాడాలి, అడవి సోంపు, మిరప ఎలా కలపాలి, ఎలా ఆరబెట్టాలి, ఏ ఊళ్ళ పరిధిలో చేయాలి అన్నీ నియమావళిగా రాసి ఉంచారు. ఇంకో వైపు 1986లో కార్లో పెట్రీని నాయకత్వాన ఇటలీలో మొదలైన స్లో ఫుడ్ ఉద్యమం, అంతరించిపోతున్న తిండి పదార్థాలకు 1996లో 'రుచుల ఓడ' అనే జాబితా మొదలుపెట్టింది. జలప్రళయంలో జీవరాశిని కాపాడిన ఓడ కథను తలచుకుని పెట్టిన పేరది. ఒక పదార్థం మంచిదైనంత మాత్రాన నిలవదు, దాన్ని ఎవరో ఒకరు రాసిపెట్టాలి అన్నది వారు గ్రహించిన సత్యం.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం.

ఎండబెట్టిన మాంసానికి మన తెలుగునాట చాలా పేర్లున్నాయి. రాయలసీమలో ఉప్పుకండ, ఉప్పుకండలు అంటారు. తెలంగాణలో ఒట్టి తునకలు, ఎండు తునకలు అంటారు. కొన్నిచోట్ల కూరగాయల వరుగుల వలెనే దీన్నీ వరుగులంటారు. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలోనివి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పేరు పెట్టారు. 2025 డిసెంబరు నెలాఖరున మార్కాపురం పేరుతోనే కొత్త జిల్లా వచ్చింది. కాగితం మీద జిల్లా ఎన్నిసార్లు మారినా వంటింటి మాట మారలేదు. ఉప్పుకండ అనే సీమ మాట మన ఇళ్ళలో అలాగే నిలిచింది.

ఇది నిన్నమొన్నటి వస్తువు కాదు. చిన్నప్పుడు అమరకోశం వల్లెవేసిన మిత్రులకు 'వల్లూరం' అనే మాట గుర్తుండవచ్చు. ఎండిన మాంసమని దాని అర్థం. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసంలో రాజుగారి భోజనానికి చేసే మాంసపు వంటలు విస్తారంగా ఉన్నాయి. పందిమాంసపు వంటలు, పేగులో కూరి కాల్చే 'మండలీయం' కూడా వాటిలో చేరాయి. అంటే పేగులో మాంసం కూరే విద్య దక్కనులో తెలియనిది కాదు. తెలిసి కూడా మన మెట్ట ప్రాంతం ఆ దారి పట్టలేదు. ఎందుకు పట్టలేదన్నదే ఆసక్తికరమైన ప్రశ్న.

దానికి జవాబు మన ఎండలో ఉంది. తాజా మాంసంలో నూటికి 75 పాళ్ళ వరకు నీరే. ఆ నీరు ఉన్నంతసేపూ సూక్ష్మక్రిములకు పండగ. ఉప్పు ఆ నీటిని బయటికి లాగుతుంది, మిగిలిన నీటిని క్రిములకు అందకుండా చేస్తుంది. లుకానియాలో పందిని కోసేది చలికాలంలో. కొండ ఊళ్ళ చల్లని గదుల్లో పేగులో కూరిన మాంసం వారాల తరబడి నెమ్మదిగా ఆరుతుంది. ఆ లోపల పెరుగు తోడుకున్నట్టుగా కొద్దిగా పులిసి, ఆ పులుపే దానికి రక్ష అవుతుంది. కొవ్వు కూడా చలికి చెడదు. మార్కాపురంలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఇక్కడ మాంసాన్ని ముద్దగా పేగులో బిగిస్తే పైన ఎండేలోగా లోపల కుళ్ళుతుంది. కొవ్వు ఉంటే కారువాసన పడుతుంది. కనుక మనవాళ్ళు సరిగ్గా తలకిందులు చేశారు. కొవ్వు తీసేశారు, ముద్ద చేయకుండా సన్నగా చీల్చారు, మూయకుండా గాలికి, ఎండకు తెరిచిపెట్టారు.

పేగులో మూసిన మాంసం చెడితే ఎంత ప్రమాదమో యూరపు వారికి అనుభవంలోకి వచ్చింది. జర్మనీలోని వుర్టెంబెర్గు ప్రాంతంలో సాసేజి తిని చనిపోయినవారి గురించి 1820, 1822 సంవత్సరాల్లో జస్టినస్ కెర్నర్ అనే వైద్యుడు గ్రంథాలు రాశాడు. గాలి తగలనిచోట పెరిగే క్రిమి దానికి కారణమని 1895లో తేలింది. ఆ జబ్బుకు బోటులిజం అని పేరు. లాటిన్ భాషలో బోటులస్ అంటే సాసేజి అనే అర్థం. ఈ శాస్త్రమేదీ తెలియని మన అవ్వలు గాలి తగిలేలా ఎండబెట్టడమే మేలని అనుభవంతో తేల్చుకున్నారు. ఇది తక్కువ సంగతి కాదు.

ఇక పశువు సంగతి. లుకానియాకు పంది ఎలాగో మన మెట్టకు గొర్రె అలాగ. నెల్లూరు జాతి గొర్రెకు నెల్లూరు, ప్రకాశం జిల్లాలే పుట్టిల్లు. దేశంలోని గొర్రె జాతుల్లో ఎత్తయినదిగా దీనికి పేరు. తెల్లగా ఉండేది పల్ల, మూతి, కళ్ళ దగ్గర నల్ల మచ్చలుండేది జోడిపి, గోధుమ రంగుది దొర అని మూడు రకాలు. దీనికి ఉన్ని రాదు, ఒంటిమీద వెంట్రుకలే. దీని విలువంతా మాంసంలోనే ఉంది. పొడుగు కాళ్ళ గొర్రె కనుక ఎంత దూరమైనా నడుస్తుంది. ఎండాకాలం మేత కరువైతే మందలను నల్లమలకు తోలడం మన ప్రాంతపు పాత ఆచారం. రోజుల తరబడి ఇల్లు విడిచి తిరిగే కాపరికి మూటలో సద్దరొట్టె, పచ్చడి, నాలుగు ఉప్పుకండ ముక్కలు ఉంటే అడవిలో లోటుండదు. నిప్పుల మీద కాల్చుకుంటే చాలు, వంట అక్కరలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అడవి జంతువు మాంసం నేరమైంది. కనుక ఉప్పుకండ అంటే గొర్రె, మేక మాంసమే.

మా అమ్మ చేసే పద్ధతి చెబుతాను. తొడ మాంసం ఎంచి, కొవ్వు, పొరలు శుభ్రంగా తీసివేసేది. కండ పోగు వెంబడి పొడుగ్గా, వేలెడు వెడల్పున చీల్చేది. దంచిన ఉప్పు, పసుపు పట్టించి ఒక రాత్రి కుండలో ఉంచేది. తెల్లవారి ఊరిన నీరు పిండి, దండెం మీద ఒకదానికొకటి తగలకుండా ఆరవేసేది. ఈగ వాలకుండా పలుచని బట్ట కప్పేది. పొద్దుగూకేసరికి మంచు పడకుండా లోపలికి తెచ్చేది. మంచి ఎండలో నాలుగైదు రోజులు. విరిస్తే పుల్లలా టప్పుమనాలి. వంగితే ఇంకా ఎండాలన్నమాట. కిలో మాంసం ఎండితే పావుకిలో పైచిలుకు మిగిలేది. దాన్ని కుండలో పెట్టి, మూతికి బట్ట కట్టి, ఉట్టి మీదికి ఎక్కించేది. నెలకొకసారి దించి మళ్ళీ ఎండ చూపేది. కొన్ని ఇళ్ళలో కారం, అల్లం వెల్లుల్లి కూడా పట్టిస్తారు. మా ఇంట్లో కారం కూరలోనే.

కొలుపుల నాడు, తిరునాళ్ళ నాడు ఊళ్ళో పొట్టేళ్ళు తెగేవి. మాంసం పోగులు వేసి పంచుకునేవారు. మరునాటికి నిలవని పదార్థం అంతా ఒకేరోజు ఇంటికి వస్తే ఏం చేయాలి? ఆ నాటి మిగులే రాబోయే వానాకాలపు కూర అయ్యేది. శ్రావణ భాద్రపదాల్లో ముసురు పట్టి, కూరగాయలు లేక, చేతిలో డబ్బు లేక ఉన్నప్పుడు ఉట్టి మీది కుండ దిగేది. వేడినీళ్ళలో కడిగి, నిప్పుల మీద కాల్చి, రోట్లో నలగ్గొట్టి, గోంగూరలోనో దోసకాయలోనో చింతచిగురులోనో వేస్తే, గుప్పెడు ముక్కలతో ఇంటిల్లిపాదికీ జొన్న సంగటిలోకి సరిపోయేది. ఉప్పుకండ విందు వంట కాదు. కొద్దిపాటి మాంసాన్ని ఎక్కువమందికి, ఎక్కువ రోజులకు పంచే లెక్క.

ఈ లెక్క ఎందుకు అవసరమైందో చరిత్ర చెబుతుంది. 1876-78 నాటి ధాత కరువులో బాగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. మన తాలూకాలు అప్పుడు అందులోనివే. మేత, నీళ్ళు లేనప్పుడు రైతుకు పశువును నిలుపుకోవడం సాధ్యం కాదు. గొర్రె చచ్చేలోగా దాన్ని ఆహారంగా మార్చి దాచుకోగల విద్య ఉన్న ఇల్లు, లేని ఇంటికంటే నాలుగు రోజులు ఎక్కువ నిలుస్తుంది.

అయితే ఈ విద్యకు పెట్టుబడి ఒకటుంది. అది ఉప్పు. ఎండ దేవుడిచ్చాడు, ఉప్పు మాత్రం సముద్రం నుంచి రావాలి. చినగంజాం వంటి తీరపు ఉప్పు కొటారుల నుంచి మన వైపుకు, ఇక్కడి నుంచి నంది కనుమ వంటి నల్లమల దారుల వెంట లోపలి దేశానికి సరుకు ఎద్దుల మీద నడిచేది. ఉప్పు మోసే వ్యాపారంలో బంజారాలకు పెద్ద పేరుండేది. పందొమ్మిదో శతాబ్దం చివర గుంటూరు నుంచి మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగా నంద్యాలకు రైలు వచ్చాక ఆ ఎద్దుల బాట పలుచబడింది. ఇక ధర సంగతి. కుంఫిణీ ప్రభుత్వం 1805లో మద్రాసు రాజధానిలో ఉప్పును తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకుంది. తరువాత సముద్రతీరంలో చేపలు ఎండబెట్టుకునేవారి కోసం ప్రభుత్వమే యార్డులు పెట్టి పన్ను లేని ఉప్పు ఇచ్చింది. ఆ వసతి చేపకు గాని మెట్ట రైతు ఇంటి మాంసానికి వర్తించదు. మన అవ్వలు కండకు పట్టించిన ప్రతి గుప్పెడు ఉప్పుకూ సర్కారుకు పన్ను కట్టారన్నమాట. 1930లో గాంధీజీ దండిలో పిడికెడు ఉప్పు తీసినప్పుడు దేశమంతా ఎందుకు కదిలిందో, ఈ కుండ ముందు కూర్చుని ఆలోచిస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. ఆ పన్ను 1947లో రద్దయింది.

ఇప్పుడు పన్ను లేదు, కరువులో ఆదుకునే రేషను బియ్యం ఉంది, ప్రతి వీధి చివరా ఆదివారం మాంసం కొట్టు ఉంది, ఇంటింటా ఫ్రిజ్ ఉంది. అవసరం తీరింది కనుక అలవాటు పోయింది. ఇది విచారించవలసిన విషయం కాదు, సంతోషించవలసిందే. ఆకలి తగ్గినందుకు ఎవరు బాధపడతారు? మిద్దె మీద దండేలు పోయాయి, మా మనుమలకు ఉట్టి అంటే కృష్ణాష్టమి నాడు కొట్టేదే. అదీ సహజమే. నా బాధ వేరు. అవసరం తీరిన తరువాత కూడా ఇటలీ వారు తమ లుకానికాను గౌరవంగా నిలుపుకున్నారు. మనం మాత్రం ఉప్పుకండను పేదల తిండి అని, పల్లెటూరి మొరటు తిండి అని నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గుపడి వదిలేశాం. వదిలిన తరువాత ఇప్పుడు పట్నాల్లో అదే వస్తువును అందమైన పొట్లాలలో పెట్టి అమ్ముతున్నారు. ఇది ఏ ప్రాంతపు గొర్రె, ఏ ఇంటి పద్ధతి అన్నది పొట్లం మీద ఉండదు.

మన దేశంలోనూ భౌగోళిక గుర్తింపుల చట్టం 1999లో వచ్చి 2003 సెప్టెంబరు 15 నుంచి అమలులో ఉంది. తిరుపతి లడ్డుకు, బందరు లడ్డుకు, ఆత్రేయపురం పూతరేకులకు ఆ గుర్తింపు దక్కింది. మాంసాహారం సంగతికొస్తే హైదరాబాదు హలీముకు 2010లో దక్కింది. కనుక మాంసపు వంటకు గుర్తింపు రాదన్న మాట లేదు. అయితే ఆఫీసులలో పనిచేసిన మనకు తెలియనిదేముంది? ఫైలు కదలాలంటే కాగితం కావాలి. ఈ వస్తువు ఇక్కడ ఎప్పటినుంచి ఉంది, ఎలా చేస్తారు, ఇక్కడి గాలికి, ఎండకు, గొర్రెకు దీనితో ఉన్న సంబంధం ఏమిటి అని అడిగితే చూపడానికి మనవద్ద కాగితం లేదు. లుకానియాకు రెండు వేల ఏళ్ళ నాటి వర్రో మాట ఒక్క వాక్యం సాక్ష్యంగా దొరికింది. మన మెట్ట ఇళ్ళ విద్యను ఆడవాళ్ళు చేతులతో నేర్చి చేతులతోనే నేర్పారు. వారి మాటను రాసుకున్నవారు లేరు. ఎనభై దాటిన ఆ తల్లులు ఏటా కొందరు వెళ్ళిపోతున్నారు. వారితోబాటు ఒక్కో ఇంటి పద్ధతి వెళ్ళిపోతోంది.

మన సంఘ సభ్యులకు ఒక మనవి. మనలో రెవెన్యూ వారున్నారు, ఉపాధ్యాయులున్నారు, గణాంక శాఖ వారున్నారు. రాయడం, లెక్కపెట్టడం, సంతకం పెట్టి తేదీ వేయడం మన వృత్తి. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో పెద్దమ్మ ఎవరైనా ఉంటే దగ్గర కూర్చుని ఈ ప్రశ్నలు అడగండి. మీ ఇంట్లో దీన్ని ఏమనేవారు? మాంసం ఏ భాగం, ఎలా చీల్చేవారు? ఉప్పు ఎంత, పసుపు ఎంత, కారం వేసేవారా? ఏ నెలలో చేసేవారు? ఎండిందని ఎలా తెలిసేది? ఎంతకాలం నిలిచేది? ఏ కూరలో వేసేవారు? ఎప్పుడు మానేశారు, ఎందుకు? ఆమె చెప్పిన మాట ఆమె చెప్పిన యాసలోనే రాయండి. ఊరి పేరు, తేదీ వేయండి. మన సంఘ కార్యాలయంలో ఒక ఫైలు తెరిస్తే, పది ఊళ్ళ నుంచి పది కాగితాలు చేరినా అది ఈ విషయం మీద విలువైన రికార్డు అవుతుంది. మాంసం ముట్టని మిత్రులు కూరగాయల వరుగులు, వడియాలు, ఊరుమిరపకాయల గురించి ఇలాగే రాయవచ్చు. అవీ ఇదే కథలో భాగాలే.

చివరగా ఒక హెచ్చరిక కూడా చెప్పకపోతే మా డాక్టరు గారు ఊరుకోరు. మనిషికి రోజుకు అన్ని రూపాలలో కలిపి ఉప్పు ఐదు గ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనలో రక్తపోటు మాత్ర వేసుకోనివారు తక్కువ. కనుక ఈ వ్యాసం చదివి నోరూరినవారు రెండుసార్లు వేడినీళ్ళలో కడిగి, ఒక్క ముక్కతో సరిపెట్టుకోవాలి. రాయడానికి మాత్రం పరిమితి లేదు, ఎన్ని పేజీలైనా రాయవచ్చు.